జెనోన్ చేతిలో స్టీరింగు

మా ఆయన జెనోన్‌కి కోపం ముక్కు మీద ఉంటుంది, స్టీరింగు చేతిలో ఉంటుంది. ఈ రెంటినీ ఆయన దగ్గర్నుంచి ఎవరూ లాక్కోలేరని పెళ్ళయిన కొత్తలోనే నాకు అర్థమైపోయింది. ట్రాక్టరైనా, కోత మిషనైనా, చలికాలంలో మంచు తోసే బండైనా ఆయనే నడపాలి. కోతల రోజుల్లో మాత్రం ధాన్యం లారీ నా చేతికిచ్చేవాడు, అదీ వేరే దిక్కులేక. నలభై ఏళ్ళ పైన ఆ లారీ నడిపాను. ఒక్క గాదెనీ గుద్దలేదు, ఒక్క గుంటలోనూ దింపలేదు. అయినా సరే, నేను దిగగానే టైర్ల చుట్టూ తిరిగి చూసుకునేవాడు, ఏదో నేను వాటిని కొరుక్కు తిన్నట్టు.

ఈ వసంతంలో పొలం అమ్మేశాం. ఇద్దరం కలిసే అనుకున్నాం, ఇద్దరం కలిసే సంతకాలు పెట్టాం. మాకున్నది ఒక్కతే కూతురు, లారిస్సా. రెజైనాలో పళ్ళ డాక్టరు. గోధుమ కంకికీ బార్లీ కంకికీ తేడా దానికి బాగా తెలుసు గానీ, ఆ తేడా చూసుకుంటూ బతకాలని మాత్రం దానికి లేదు. నేను తప్పుపట్టను. పొలం అమ్మిన మర్నాడే జెనోన్ వెళ్ళి ఓ పాత మోటార్‌హోమ్ కొనుక్కొచ్చాడు. లోపల మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్జు, మడత బల్ల, ఇద్దరు పక్కపక్కన నిలబడితే ఒకరు ఊపిరి బిగబట్టాల్సినంత చోటు.

"టౌన్లో అపార్టుమెంటు తయారయ్యేదాకా ఇదే మనిల్లు," అన్నాడు. "పీస్ రివర్ దాకా పోదాం. ఓరిసియా అక్కని చూసి ఎన్నేళ్ళయిందో!"

"అంత దూరమా? మన కనోరా నుంచి పీస్ రివర్ అంటే నేల చివరికి పోవడమేగా."

"నడిపేది నేను. నీకేం నొప్పి?"

నా నొప్పి ఏమిటో ఆయనకీ తెలుసు. అసలు పొలం అమ్ముదామన్న మాట రావడానికి కారణమే అది. జెనోన్ మతి జారిపోతోంది. మొదట్లో మాటలు జారాయి, సుత్తిని పట్టుకుని "అదే, ఆ కొట్టేది" అనేవాడు. తరవాత మనుషులు జారడం మొదలుపెట్టారు. పోయిన చలికాలం ఓ రోజు, ఎప్పుడో చచ్చిపోయిన మా పక్క పొలం ఒనుఫ్రీకి ఫోన్ చేస్తానని కూర్చున్నాడు. ఒనుఫ్రీ పోయాడు కదయ్యా, శవపేటిక నువ్వే మోశావు కదా అంటే, "నాకు తెలీదా? నిన్ను ఆటపట్టిస్తున్నా," అన్నాడు. మొహం మాత్రం సున్నం కొట్టినట్టయింది.

డాక్టరు దగ్గరికి పోదామంటే ఒంటికాలి మీద లేచాడు. "డాక్టరుకి తెలిస్తే లైసెన్సు పీకేస్తారు. లారిస్సాకి తెలిస్తే డాక్టరుకి తెలుస్తుంది. నువ్వు నోరు తెరిచావంటే, పరాస్కా, ఈ జన్మలో నీతో మాట్లాడను. ఆ తరవాత నన్ను కిటికీ పక్కన కుండీలో మొక్కలా పెట్టుకుని పొద్దున్నే నీళ్ళు పోసుకో." దేవుడి పటం ముందు నిలబెట్టి మరీ నా చేత మాట తీసుకున్నాడు. ఇచ్చాను. ఆయన మాట్లాడకపోతే ఇంట్లో ఇంకెవరు మాట్లాడతారు నాతో?

అలా ఆగస్టులో బయల్దేరాం. పేరుకి బండి ఆయన నడుపుతున్నాడు గానీ సగం నేను నోటితో నడుపుతున్నాను. ఎర్ర లైటు వస్తోంది ఆగు అంటే ఆయనకి అవమానం. అందుకని, "ఈ ఊళ్ళల్లో ఎర్ర లైట్లు ఎంతసేపుంచుతారో, కాళ్ళు పీక్కుపోతాయి," అనేదాన్ని. ఆయన ఆపేవాడు. "ఎడమ పక్కకి పోతే ఊళ్ళోకి అట, మనకెందుకులే ఆ గోల," అంటే నేరుగా పోయేవాడు. సస్కటూన్ దాటేసరికి నాకు గొంతు బొంగురుపోయింది. వాగుడుకాయవి అయిపోతున్నావే ముసలితనంలో, అన్నాడు.

కోతలు మొదలయ్యే రోజులవి. రోడ్డుకి రెండు పక్కలా బార్లీ తెల్లబడి, గోధుమలు ఇంకా ఆకుపచ్చ కలిసిన పసుపులో ఉన్నాయి. అక్కడక్కడా కోత మిషన్లు దుమ్ము లేపుకుంటూ తిరుగుతుంటే ఆయన మెడ అటే తిరిగిపోయేది. బండి కూడా కొంచెం అటే పోయేది. "రోడ్డు, రోడ్డు," అనేదాన్ని. "చూస్తున్నాలేవే," అనేవాడు.

ఆ పొద్దున ఓ చిన్న ఊరి మధ్యలోంచి పోతున్నాం. ఫ్లాస్కులోంచి కాఫీ వంచడానికి నేను తల దించాను. అంతే, ఒక్క కప్పు కాఫీ వంచినంతసేపు నోరు మూసుకున్నాను. తల ఎత్తేసరికి రోడ్డు దాటే తెల్ల గీతల మీద ఓ అమ్మాయి, చేతిలో పసిబిడ్డ బండి. జెనోన్ బ్రేకు వెయ్యలేదు. ఆ అమ్మాయి బండిని ఒక్క గుంజు గుంజి వెనక్కి పడింది. పక్క అద్దంలో ఆమె నేల మీద కూర్చుని నోరంతా తెరిచి ఏదో అరవడం కనిపించింది. బిడ్డ బండి నిలువునా నిలబడే ఉంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాఫీ అంతా నా ఒళ్ళో పడింది.

"ఆ గుమ్మటం చూశావా, అచ్చం మన చర్చిదే," అన్నాడు జెనోన్. ఆయన ఆ అమ్మాయిని చూడనే లేదు.

"బాగుంది," అన్నాను.

ఆ మాట ఎలా వచ్చిందో నా నోట్లోంచి, నాకిప్పటికీ తెలియదు. తొడ కాలి మంట పుడుతుంటే గుడ్డతో అద్దుకుంటూ, ఇవాళ చెప్పేస్తాను, మధ్యాహ్నం ఆగినప్పుడు చెప్పేస్తాను అనుకున్నాను. మధ్యాహ్నం ఆగినప్పుడు లారిస్సా ఫోన్ చేసింది.

"అమ్మా, నాన్న ఎలా నడుపుతున్నాడు?"

"రాజాలాగా," అన్నాను. జెనోన్ ఎదురుగా కూర్చుని రొట్టె తింటూ నా వైపే చూస్తున్నాడు.

"నీ గొంతేంటి అలా ఉంది?"

"వాగి వాగి."

ఫోన్ పెట్టేశాక ఆయన నా మోచేతి మీద చెయ్యి వేసి ఓసారి నొక్కాడు. నేను మాట నిలబెట్టుకున్నానని సంతోషం. నేను నా రొట్టె మళ్ళీ గుడ్డలో చుట్టి పెట్టేశాను.

మధ్యాహ్నం ఎండ వాలుతుండగా పడమట ఆకాశం నల్లబడింది. జెనోన్ ఉన్నట్టుండి హైవే వదిలి కంకర రోడ్డు మీదికి తిప్పాడు. దగ్గర దారేమో అనుకున్నాను, లేదా అలా అనుకోవాలనుకున్నాను. రెండు మైళ్ళు ఉత్తరంగా పోయాడు, ఒక మైలు తూర్పుకి, చేతులు తమంతట తామే తిప్పుతున్నట్టు. ఎదురుగా వచ్చిన పికప్పులో మనిషికి స్టీరింగు మీదనుంచి వేలెత్తి పలకరించాడు, అతనూ ఎత్తాడు. తరవాత ఓ పొలం ఇంటి పెరట్లోకి తిప్పేశాడు.

మా వైపు పెరళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినవి. గాలి పడమటి నుంచి కొడుతుంది కాబట్టి పడమటా ఉత్తరానా చెట్ల వరస. దాని లోపల కరగానా పొదల కంచె. ఎర్ర కొట్టం, రేకుల షెడ్డు, వరసగా ఇనప గాదెలు, దక్షిణానికి తిరిగిన తెల్ల ఇల్లు. జెనోన్ బండిని షెడ్డు పక్కన ఒక్క ఊపులో వెనక్కి పెట్టేశాడు. నెలల తరవాత అంత చక్కగా పెట్టడం. తాళాలు తీసి జేబులో వేసుకుని దిగాడు.

"ఎక్కడికయ్యా?"

"ఇంటికొచ్చి ఎక్కడికంటావేంటే?" అన్నాడు. ఇంటి వెనక్కి నడిచి వెళ్ళిపోయాడు.

సీటు బెల్టు ఊడదీసుకోవడానికి నాకు కాస్త సేపు పట్టింది. నేను దిగి వెళ్ళేసరికి వెనక గుమ్మం దగ్గర ఆయన బూట్లు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఆ గుమ్మానికి తాళం లేదు. మా వైపు ఎవరూ వెయ్యరు. ముందు గుమ్మం పాదిరిగారికి, పోలీసులకి. మనుషులంతా వెనక గుమ్మంలోంచే వస్తారు.

లోపల వంటింట్లో జెనోన్ చేతులు కడుక్కుని, కిటికీ పక్క కుర్చీలో, అంటే ఇంటి మగవాడి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముందు కాఫీ. పొయ్యి దగ్గర అరవై దాటిన ఒకావిడ, ఊరగాయ దోసకాయల సీసాలు వేడినీళ్ళలోంచి తీస్తోంది. నడుం ఒక పక్కకి వాలి ఉంది.

"రండక్కా, కూర్చోండి. కాఫీ వేడిగా ఉంది," అంది. "నా పేరు ఆర్డిస్. మా ఆయన మెర్విన్ టౌనుకెళ్ళాడు, కోత మిషన్ బెల్టు తెగింది. మీరు విత్తనాల వాళ్ళేనా? వస్తారని చెప్పాడు."

పాపం ఆవిడకి ఏ అనుమానమూ లేదు. వచ్చి కూర్చున్నవాడికి ముందు కాఫీ, రెండో కప్పు దగ్గర పేరు అడగడం. నా వంటింట్లో నేనూ అంతే చేసేదాన్ని.

జెనోన్ ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. "పరాస్కా, ఈవిడెవరు? దోసకాయలు పెట్టడానికి మనిషిని పెట్టుకున్నావా? నాకు చెప్పనే లేదు."

ఆర్డిస్ పకపకా నవ్వింది. "జీతం ఎంతిస్తారేంటి పెద్దాయనా?"

"తిండి పెడతాం. జీతం సంగతి మా ఆవిణ్ణడుగు. గట్టి పిండం."

ఆవిడ ఇంకా నవ్వుతూ నా వైపు తిరిగింది. నా మొహం చూసింది. నవ్వు మెల్లిగా తగ్గింది. జెనోన్ వైపు చూసి, మళ్ళీ నా వైపు చూసి, ఏమీ అడక్కుండా ఆయన కప్పులో ఇంకాస్త కాఫీ పోసింది. ఆ ఒక్క పనికి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది నాకు.

జెనోన్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఒక్కసారిగా కప్పు కింద పెట్టాడు. "ఆ గాదె మూత ఎవరు తెరిచిపెట్టారు? వాన మీదికొస్తుంటే!"

ఆర్డిస్ కిటికీ దగ్గరికి వచ్చింది. "అయ్యో! నిన్న పోసిన బార్లీ. ఆవిరి పోతుందని మెర్విన్ తెరిచాడు. కిందనుంచి లాగే తాడు తెగిపోయింది. నాకేమో తుంటి ఆపరేషనయింది, ఎక్కలేను..."

ఆవిడ మాట పూర్తయ్యేలోపు జెనోన్ బూట్లలో ఉన్నాడు. నేను వెనకాలే పరిగెత్తాను. గాలి అప్పటికే చెట్లని వంచేస్తోంది. ఆయన ఇనప నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

"దిగవయ్యా! నేనెక్కుతాను!"

"నీ మొహం. నువ్వెక్కితే నిచ్చెన ఊడొస్తుంది."

"నీ వయసెంతో తెలుసా నీకు?"

"మూత తెరిచి ఉందని తెలుసు. అది చాలు."

ఎక్కేశాడు. డెబ్బై దాటిన మనిషి, గాలికి చొక్కా బుడగలా ఉబ్బుతుంటే, ఒక్కో మెట్టూ పట్టుకుంటూ. టోపీ ఎగిరి కంచెలో పడింది. నేను కింద నిచ్చెనని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను, పట్టుకుంటే ఏదో ఒరుగుతుందన్నట్టు. పైన అంచు మీద ఒంగి, ఓ చెయ్యి చాపి, మూతని లాగి దడాలుమని వేశాడు. కొక్కెం బిగించిన చప్పుడు కిందికి వినిపించింది. అప్పుడు మొదటి చినుకులు రేకుల మీద పడ్డాయి.

కిందికి దిగాక ఆయన మొహం చూశాను. బుగ్గలు ఎర్రబడ్డాయి, కళ్ళు మెరుస్తున్నాయి. "చూశావా? నేను లేకపోతే ఈ పొలం ఏమైపోయేదో!" అన్నాడు. ఏడాది నుంచి ఆయన్ని అంత సంతోషంగా చూడలేదు నేను. నాకు ఏడుపొచ్చింది. అక్కడే నిలబడి ఏడ్చాను. వానకి భయపడ్డానేమో అనుకున్నాడు, భుజం మీద చెయ్యి వేసి ఇంట్లోకి తీసుకెళ్ళాడు, ఎవరి ఇంట్లోకో.

మెర్విన్ వచ్చేసరికి వాన దంచేస్తోంది. ఆర్డిస్ వాకిట్లోనే ఎదురెళ్ళి ఏదో చెప్పింది. లోపలికొచ్చాడు, పొడుగాటి మనిషి, తలమీంచి నీళ్ళు కారుతున్నాయి. తన కుర్చీలో కూర్చున్న జెనోన్‌ని చూశాడు.

"ఇంతసేపా?" అన్నాడు జెనోన్. "గాదె మూత గాలికొదిలేసి ఊరు మీద పడ్డావా? బార్లీ నాని ఉంటే నీ అబ్బ ఇచ్చేవాడా?"

మెర్విన్ టోపీ తీశాడు. ఆర్డిస్ వైపు ఓసారి చూశాడు. "తప్పయిపోయింది యజమానీ," అన్నాడు. ఒక్క కండరం కూడా కదల్లేదు ఆ మనిషి మొహంలో.

"సరే సరే. కాళ్ళు కడుక్కురా. తిందాం."

మాంసం ఉండలు, ఉడికించిన బంగాళాదుంపలు, మీగడలో వేసిన దోసకాయ ముక్కలు. వీళ్ళ తాతలు నార్వే నుంచి వచ్చినవాళ్ళట, ఆ నార్వే వంటలో ఉప్పు కూడా సిగ్గుపడుతూ ఉంటుంది, అయినా ఆ పూట నాకు అమృతంలా ఉంది. జెనోన్ తింటున్నంతసేపూ మెర్విన్‌కి పనులు పురమాయిస్తూనే ఉన్నాడు. గాదెకి గాలి ఫ్యాను పెట్టు, కొట్టం చూరు బాగుచెయ్యి, వచ్చే ఏడు ఆ ఉత్తరపు చెక్కలో బఠాణీ వెయ్యి. అన్నిటికీ మెర్విన్, "అలాగేనండి, చూస్తానండి," అంటున్నాడు. గిన్నెలు కడిగేటప్పుడు నేను ఆర్డిస్‌కి అంతా చెప్పాను, పొద్దుటి తెల్ల గీతల సంగతి తప్ప. అది నా నాలుక మీదికి రాలేదు.

"రేపు పొద్దున్న వెళ్ళండక్కా," అంది ఆర్డిస్. "ఇవాళ ఇక్కడే ఉండండి." తరవాత గిన్నె తుడుస్తూ, నా వైపు చూడకుండా అడిగింది. "రేపు ఎవరు నడుపుతారు?"

నేను తరవాతి గిన్నె అందుకుని తోమడం మొదలుపెట్టాను.

వాన వెలిశాక ఇంకా ఎండ ఉంది. ఆగస్టులో మాకు పొద్దు తొందరగా పోదు. నేను మోటార్‌హోమ్ మెట్టు మీద కూర్చున్నాను. జెనోన్ పెరట్లో అటూ ఇటూ తిరిగి, కొట్టం ముందు చాలాసేపు నిలబడ్డాడు. తరవాత నా దగ్గరికి వచ్చాడు. నడకలో ఏదో మారింది.

"పరాస్కా. మన కొట్టం తలుపు ఇటు కదా తెరుచుకునేది. ఇది అటు తెరుచుకుంటోందేంటి?"

"ఇది మన కొట్టం కాదయ్యా."

"కాదు," అన్నాడు. "మనది..." ఆగాడు. "మనం అమ్మేశాం."

"అమ్మేశాం."

నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. ఇద్దరికీ చోటు చాలక నేను సర్దుకున్నాను. జరిగిందంతా ఒక్కొక్కటే గుర్తొచ్చి ఆయన మొహం మీద వాలడం కనిపించింది నాకు.

"వాళ్ళింట్లోకెళ్ళి కూర్చున్నానా?"

"కాఫీ కూడా తాగావు. రెండు కప్పులు."

"ఆ పెద్దమనిషిని పాలేరుని చేశానా?"

"చేశావు. వచ్చే ఏడు బఠాణీ వేస్తానన్నాడు పాపం."

కొంచెం నవ్వాడు. నేనూ నవ్వాను. తరవాత ఆయన నవ్వలేదు. అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని చూసుకుంటూ అడిగాడు.

"ఇక్కడిదాకా నడిపిందెవరు?"

"నువ్వే."

"దారిలో ఏమన్నా చేశానా?"

అబద్ధం నోటి చివర్నే ఉంది. పొద్దున్నుంచీ, ఆ మాటకొస్తే చలికాలం నుంచీ, అబద్ధాలే కదా చెప్తున్నది. కానీ ఆ పూట ఆయన కళ్ళు పూర్తిగా ఇక్కడే ఉన్నాయి. మళ్ళీ ఎప్పుడు ఉంటాయో తెలియదు.

"ఏమన్నా చేశానా, పరాస్కా?"

చెప్పాను. తెల్ల గీతలు, ఆ అమ్మాయి, బిడ్డ బండి, అద్దంలో చూసింది, అంతా.

"బిడ్డకి తగిలిందా?"

"లేదు."

"ఎంత దూరంలో?"

"చెయ్యి చాపితే అందేంత."

నేను తిట్ల కోసం కాచుక్కూర్చున్నాను. నోరు తెరిచావు కదా, మాట తప్పావు కదా అంటాడని. ఈ జన్మలో మాట్లాడనంటాడని. ఆయన తల తిప్పి నన్ను చూశాడు.

"అది చూశాక కూడా నన్ను నడపనిచ్చావా?"

"మాటిచ్చాను కదయ్యా. నాతో మాట్లాడనన్నావు..."

"మాట్లాడకపోతే చస్తావా?" గొంతు పెద్దది కాలేదు, దానికే నాకు భయమేసింది. "ఆ బిడ్డ చచ్చేది కదే. మన బండి కింద. నా చేతిలో స్టీరింగుతో. నాకు తెలియను కూడా తెలియదు, గుమ్మటాలు చూసుకుంటూ పోయేవాణ్ణి."

"నీ మనసు కష్టపడుతుందని..."

"నాకు మతి లేదు. నీకుందిగా! నీకేమొచ్చిందే?"

ఈ మనిషి నన్ను యాభై ఏళ్ళుగా తిడుతున్నాడు. ఉప్పెక్కువైందని, లారీ గేరు గట్టిగా వేశానని, నవ్వానని, నవ్వలేదని. ఒక్క తిట్టూ నా ఒంటికి అంటలేదు. ఈ ఒక్కటి అంటింది. ఆయన అడుగుతున్నది న్యాయం. ఆయన మీద ప్రేమతోనే చేశాననుకున్నాను ఇన్నాళ్ళూ. భయంతో చేశాను.

జేబులోంచి తాళాలు తీశాడు. నా చెయ్యి పట్టుకుని అరచేతిలో పెట్టి, నా వేళ్ళు ఒక్కొక్కటే మూశాడు.

"రేపు అడుగుతాను. ఇవ్వకు."

"సరే."

"సరే అనడం కాదు. ఏం కూసినా ఇవ్వకు. ఏడ్చినా ఇవ్వకు. మళ్ళీ దేవుడి పటం తెచ్చి ముందు పెట్టినా ఇవ్వకు. లారిస్సాకి ఫోన్ చేసి చెప్పు, నేను వింటుండగానే చెప్పు."

ఆయన వింటుండగానే చెప్పాను. "నాన్నకివ్వు," అంది లారిస్సా. ఆయన ఫోన్ తీసుకుని, "మీ అమ్మ నడుపుతుంది," అన్నాడు. "భయపడకు. బాగానే నడుపుతుంది." నా ముందు ఆ మాట ఎన్నడూ అనలేదు. దానికి సంతోషపడే ఓపిక కూడా లేకపోయింది నాకు.

పొద్దున్నే ఆర్డిస్ మాకు దారికి రొట్టె, రెండు ఊరగాయ సీసాలు కట్టి తెచ్చింది. మెర్విన్ కంచెలోంచి జెనోన్ టోపీ వెతికి తెచ్చి, మట్టి దులిపి ఇచ్చాడు. జెనోన్ అది పెట్టుకుని, డ్రైవరు వైపు తలుపు దగ్గరికి వెళ్ళి, జేబులు తడుముకున్నాడు.

"తాళాలేవే?"

"నా దగ్గరున్నాయి."

"ఇటు తే. ఓరిసియా అక్క ఎదురుచూస్తుంటుంది."

"నేను నడుపుతాను."

ముందు నవ్వాడు. "పొద్దున్నే నీకు సరసమా? తే."

"ఇవ్వను."

నవ్వు పోయింది. అరచెయ్యి చాపి నిలబడ్డాడు. నేను కదల్లేదు. తాళాలున్న చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.

"ఏమయిందే నీకు? బండి నాది. లైసెన్సు నాది. నలుగురి ముందు నన్ను ఏం చేద్దామని?"

"నువ్వే చెప్పావయ్యా. నిన్న సాయంత్రం, ఈ మెట్టు మీద కూర్చుని. రేపు అడుగుతాను, ఇవ్వకన్నావు."

"నేనా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నేనెందుకలా చెప్తానే? నాకు మతి పోయిందా?"

ఆర్డిస్ నేల చూపులు చూసింది. మెర్విన్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"అబద్ధాలు!" జెనోన్ అరిచాడు. "నా నోట్లో మాటలు పెడుతున్నావా? పొలం అమ్మించావు. ఇల్లు అమ్మించావు. ఇప్పుడు ఇదొక్కటీ మిగిలితే ఇదీ లాక్కుంటున్నావా? దొంగదానా! నా ఇంట్లోనే దొంగ!" ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. యాభై ఏళ్ళలో ఆయన నా ముందు ఏడ్చింది వాళ్ళమ్మ పోయినప్పుడొక్కసారే. తాళాలు అరచేతిలో గుచ్చుకుంటున్నాయి. ఇచ్చేయాలనిపించింది. ఇచ్చేస్తే ఈ ఏడుపు ఆగిపోతుంది, ఈ క్షణం ఆగిపోతుంది, మళ్ళీ ముక్కు మీద కోపంతో, చేతిలో స్టీరింగుతో నా జెనోన్ నాకు దక్కుతాడు. హైవే దాకా నేను నోటితో నడపగలను. ఊళ్ళల్లో మాత్రమే కదా కష్టం.

ఊళ్ళల్లో, తెల్ల గీతల మీద.

డ్రైవరు సీట్లోకి ఎక్కి తలుపు వేసుకున్నాను. ఆయన బయట తలుపు మీద రెండుసార్లు కొట్టాడు. తరవాత కొట్టలేదు. పెరటి మధ్యలో చేతులు వేలాడేసి నిలబడిపోయాడు. మెర్విన్ వెళ్ళి అవతలి పక్క తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఎక్కండి యజమానీ. గాదెలు నేను చూసుకుంటాను."

జెనోన్ అతన్ని చూశాడు. ఎవరో గుర్తుపట్టినట్టు లేదు. కానీ ఎక్కాడు. సీటు బెల్టు నేనే పెట్టాను, నా చెయ్యి విదిలించేశాడు. పెరటి దారి చివర కంకర రోడ్డు దగ్గర ఆపి రెండు వైపులా చూశాను. పొలాల మీద నిన్నటి వాన ఆవిరై లేస్తోంది. ఎటూ ఎవరూ లేరు. నిన్న సాయంత్రం నా వేళ్ళు మూసిన మనిషి కూడా లేడు. మాటిచ్చింది నిన్నటి ఆయనకి, తిట్లు తినాల్సింది ఇవాళ్టి ఈయన చేత. మళ్ళీ ఆయన వస్తాడో రాడో, వచ్చినా ఎంతసేపుంటాడో ఎవరూ చెప్పలేరు. ఈయన మాత్రం రేపూ ఉంటాడు, ఎల్లుండీ ఉంటాడు, పొద్దున్నే చెయ్యి చాపుతాడు.

"దొంగవే నువ్వు," అన్నాడు పక్కనుంచి, కిటికీలోకి చూస్తూ.

"అవునయ్యా," అని గేరు వేసి, బండిని పడమటికి తిప్పాను.